గార్డు గారి పుస్తకంలో ఖాళీ గళ్ళు

మొదటి రోజు, బుధవారం

సికింద్రాబాద్‌లో సాయంత్రం శాతవాహన ఎక్కాను. కిటికీ పక్క సీటే దొరికింది. కాజీపేట దాటాక పెట్టెలో సందడి తగ్గింది. మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిర. చిన్నప్పుడు ఈ పేర్లన్నీ గార్డు గారి నోట ఇదే వరసలో విన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన ఈ లైన్లో తిరిగారు, ముందు గూడ్సుల వెనక, తర్వాత పాసింజర్ల వెనక. 2022లో రైల్వే వాళ్ళు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. మాకు మాత్రం ఆయన గార్డు గారే. బెజవాడలో రిక్షా ఎక్కి 'కుక్కల గార్డు గారిల్లు' అంటే చాలు, గుమ్మం ముందు దింపేవాళ్ళు.

కిందటేడు సంక్రాంతి వెళ్ళిన పదో రోజున ఆయన పోయారు. సంవత్సరీకానికి రమ్మని ఆయన భార్య, మా అత్తయ్య గారు, ఫోన్ చేశారు. మాకు చుట్టరికం ఏమీ లేదు, సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో పక్క పక్క ఇళ్ళ వాళ్ళం. ఆ వరస అలా నిలిచిపోయింది. "రెండ్రోజులు ఎక్కువ సెలవు పెట్టుకుని రా నాయనా, నీతో పని ఉంది" అన్నారు. ఏం పని అని నేను అడగలేదు.

ఎనభైల్లో మా క్వార్టర్స్‌లో మూడిళ్ళకో తెల్ల బొచ్చు కుక్క ఉండేది. అందరం పామరేనియన్ అనేవాళ్ళం. "అది పామరేనియన్ కాదర్రా, ఇండియన్ స్పిట్జ్. మన ఎండకి అలవాటు పడిన జాతి. దాని పేరు దానికివ్వండి" అని గార్డు గారు ఓపిగ్గా అందరికీ చెప్పేవారు. ఎవరూ వినేవాళ్ళు కాదు. ఆయన చెప్పడం మానేవారు కాదు. ఇంట్లోనే కుక్కల్ని ఈనించి, పిల్లల్ని అడిగినవాళ్ళకి ఇచ్చేవారు. అప్పట్లో అల్సేషన్లు ఉండేవి, తర్వాత లాబ్రడార్లు వచ్చాయి, చివరి కొన్నేళ్ళూ మన దేశవాళీ జాతుల మీదే ఆయన ధ్యాసంతా.

బెజవాడలో దిగేసరికి పది కావొచ్చింది. ఆటోలో పాయకాపురం వెళ్తుంటే దారిలో కొన్ని గోడల మీద వరద మరక ఇంకా కనిపిస్తోంది, నా గుండెల ఎత్తున. గేటు తీసిన చప్పుడుకి చుక్క లేచి వచ్చింది. పదకొండేళ్ళ నల్ల లాబ్రడార్, మూతి అంతా నెరిసిపోయింది. అరవలేదు. నా చెయ్యి చూసింది, చెప్పులు చూసింది, తర్వాత నా సంచి దగ్గర ఆగిపోయి చాలాసేపు వాసన చూసింది. ఆ సంచిలో ఏముందో నాకు తెలుసు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళాను.

రెండో రోజు, గురువారం

తద్దినం పనులు తెల్లవారకముందే మొదలయ్యాయి. అయినా తొమ్మిదింటికల్లా అత్తయ్య గారు అన్నీ వదిలేసి వెనక వసారాలోకి వెళ్ళి నాలుగు కుక్కలకీ పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టి వచ్చారు. పురోహితుడు కొంచెం ఇబ్బందిగా చూశాడు. "వాటికి తద్దినాలు తెలీవు బాబూ, టైము తెలుసు" అన్నారామె. ఇది అచ్చంగా గార్డు గారి మాటే.

భోజనాలకి ఎవరెవరు వచ్చారో చూస్తే ఆయన బతుకంతా అక్కడే కనిపించింది. రైల్వే రిటైరైన వాళ్ళు ముగ్గురు. రోజూ కోడి కాళ్ళు, మెడలు విడిగా తీసి పెట్టి పంపిన చికెన్ కొట్టు అతను. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి ఇప్పుడు డాక్టరైన ఒకమ్మాయి. కుక్క ఈనడం మొదటిసారి కళ్ళారా చూసింది ఈ ఇంట్లోనేనట. నలభై ఏళ్ళ క్రితం తీసుకున్న కుక్కపిల్ల ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చిన ఒక పెద్దావిడ. ఎవరూ ఆయన గొప్పతనం గురించి మాట్లాడలేదు. అందరూ తమ తమ కుక్కల గురించే మాట్లాడారు.

వరద సంగతి మాత్రం అందరి నోటా వచ్చింది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మర్నాటికి అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పోయింది. 1957లో ఆ బ్యారేజీ వచ్చాక అంత నీరు ఎప్పుడూ చూడలేదు. ఆ ఆదివారం ఈ ఇంట్లో తొమ్మిది పెద్ద కుక్కలు, పన్నెండు రోజుల వయసున్న పిల్లలు ఆరు ఉన్నాయి. పిల్లలకి అప్పుడప్పుడే కళ్ళు విచ్చుకుంటున్నాయి. గార్డు గారు వాటిని సంక్రాంతికి పొంగలి వండే ఇత్తడి గుండిగలో పాత చీర పరిచి, అందులో పెట్టి మేడ మీదకి మోశారట. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నడుము లోతు నీళ్ళలో.

మర్నాడు పడవ వచ్చింది. అత్తయ్య గారిని ఎక్కించారు. కుక్కలకి చోటు లేదన్నారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు, పక్క వీధిలో పసిబిడ్డలు ఉన్నారు. గార్డు గారు దిగనన్నారు. నాలుగు రోజులు మేడ మీదే ఉన్నారు. డ్రోన్లు పొట్లాలు వదిలి వెళ్ళేవి. పులిహోరలో పోపు, మిరపకాయలు ఏరేసి కుక్కలకి పెట్టి, మిగిలింది తను తినేవారట. వీధికుక్కలు ఈదుకుంటూ వచ్చి మెట్ల మీద చేరాయి, వాటికీ వాటా ఉండేది. ఒక్క విషయంలో మాత్రం చాలా కఠినంగా ఉన్నారు. ఏ కుక్కా వరద నీళ్ళలో మూతి పెట్టకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో ఎలుక జ్వరం వస్తుంది, అది కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. వాన పడినప్పుడు బకెట్లలో పట్టిన నీళ్ళే తాగించారు. ఒక్క పిల్ల కూడా పోలేదు. ఆయన ఊపిరితిత్తులే దెబ్బతిన్నాయి. దీపావళికి మంచం పట్టారు.

అందరూ వెళ్ళాక అత్తయ్య గారు బియ్యం డబ్బా మూత తీసి, బియ్యంలోంచి మూడు పుస్తకాలు బయటికి తీశారు. ఎర్ర అట్ట రిజిస్టర్లు. వరదప్పుడు పాస్‌బుక్కుల కన్నా ముందు వీటిని మేడెక్కించారట. అప్పట్నుంచీ వీటి చోటు బియ్యం డబ్బానే.

గార్డు పని అంటేనే రాసుకోవడం కదా. బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. ఆయన కుక్కల విషయంలోనూ అలాగే రాశారు. మొదటి పద్దు 1978ది. తల్లి, తండ్రి, ఎన్నో ఈత, పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, మెడకు కట్టిన ఊలు దారం రంగు, టీకాలు, ఎవరికిచ్చారు, ఏ ఊరు. చివర వెడల్పుగా ఒక గడి. దాని పైన మూడు మాటలు: ఎప్పుడు, ఎలా, ఎక్కడ. అంటే ఆ కుక్క ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, ఎక్కడ పాతిపెట్టారు.

ఆ గడి ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "పుట్టించేవాడికి చావు లెక్క కూడా తెలియాలి" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు రెండో పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. తొంభైల్లో ఒక అల్సేషన్ తల్లి సంతానంలో మూడు కుక్కలకి ఐదేళ్ళు నిండకుండానే వెనక కాళ్ళు పడిపోయాయి. మూడు గళ్ళలోనూ ఎర్ర సిరాతో 'తుంటి' అని ఉంది. అల్సేషన్‌లో, లాబ్రడార్‌లో తుంటి కీలు సరిగ్గా కుదరకపోవడం వంశంలో వచ్చే జబ్బు. పిల్లలు చిన్నప్పుడు గెంతుతూనే ఉంటాయి, బయటపడేసరికి ఇంకో నాలుగు ఈతలు అయిపోయి ఉంటాయి. ఆయన ఆ తల్లికి మళ్ళీ క్రాసింగ్ చేయించలేదు. ఆ మగకుక్క సొంతదారుకి ఉత్తరం రాశారు. కొన్నవాళ్ళ ముగ్గురికీ డబ్బు వెనక్కి ఇచ్చినట్టు పక్కనే మనియార్డర్ రసీదులు అంటించి ఉన్నాయి. ఆ తర్వాత తుంటి ఎక్స్‌రే తీయకుండా ఏ కుక్కనీ క్రాసింగ్‌కి ఒప్పుకోలేదు.

"పోయేముందు వారం ఈ పుస్తకాలు దగ్గర పెట్టించుకున్నారు నాయనా. ఇంకా ఐదు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటి కబురు కనుక్కుని రాయమన్నారు. వీటిలో కొన్నిటికి ఫోన్ నంబర్లు మారిపోయాయి. నేను తిరగలేను" అన్నారు అత్తయ్య గారు. ఐదు పేర్లు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. గుంటూరులో రెండు, కైకలూరు దగ్గర ఒకటి, భవానీపురంలో ఒకటి. ఐదో పేరు రాకీ. హైదరాబాద్. తీసుకున్నవారి చోట నా పేరు.

రాత్రి ఆ వెనక గదిలోనే పడుకున్నాను. కుక్కలు ఈనే గది అది. 1989లో, సత్యనారాయణపురం క్వార్టర్‌లో, ఇలాంటి గదిలోనే నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. వానాకాలం, కరెంటు పోయింది. పొద్దున్నుంచీ గార్డు గారు తల్లికి థర్మామీటర్ పెట్టి చూస్తున్నారు. మామూలుగా 101, 102 ఉండే వేడి 99 కన్నా కిందికి దిగితే ఇరవై నాలుగు గంటల్లో ఈనుతుంది. మధ్యాహ్నం 98 దగ్గరికి పడింది. ఆయన సాయంత్రం డ్యూటీ మార్చుకుని వచ్చేశారు. రాత్రి పదకొండుకి మొదటిది వచ్చింది. నల్లటి తడి సంచిలా జారిపడింది. తల్లి పళ్ళతో పొర చీల్చి నాకడం మొదలెట్టింది. ఒక్కో పిల్ల వెనకాలా మాయ పడిందో లేదో గార్డు గారు వేళ్ళ మీద లెక్క పెడుతున్నారు. ఒక్క మాయ లోపల ఉండిపోయినా తల్లికి ప్రమాదం. ఐదు సవ్యంగా వచ్చాయి. ఆరోది కదల్లేదు. తల్లి దాన్ని పట్టించుకోకుండా పక్కకి తోసేసింది. ఆయన దాన్ని తీసి, మూతి కిందకి వంచి, నోట్లో జిగురు గుడ్డతో తుడిచి, తువ్వాలుతో రుద్దడం మొదలెట్టారు. టార్చి పట్టుకున్న నా చెయ్యి లాగేస్తోంది. "దించకు" అన్నారు. ఎంతసేపో. నేనయితే వదిలేసేవాణ్ణి. ఉన్నట్టుండి ఆ పిల్ల నోరు తెరిచి, చేపపిల్లలా ఒక్కసారి గాలి మింగింది. ఆయన దాన్ని తల్లి పొట్ట కింద ముర్రుపాలకి ఆనించి, మెడకి పసుపు ఊలు దారం కట్టి, టార్చి నా చేతిలోంచి తీసుకున్నారు. "బరువు రాయి, నీ చేత్తో రాయి" అని పుస్తకం నాకిచ్చారు. మొదటి పుస్తకంలో ఆ పద్దు ఇప్పటికీ ఉంది. పదమూడేళ్ళవాడి వంకర అక్షరాలు.

మూడో రోజు, శుక్రవారం

పొద్దున్నే పాసింజర్‌కి గుంటూరు. కృష్ణ మీద వంతెన దాటి, కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు. నదిలో నీళ్ళు బాగానే ఉన్నాయి, ఇసుక తిన్నెల మీద కొంగలు. గుంటూరులో దిగి బ్రాడీపేట నాలుగో లైనుకి నడిచాను.

రిటైరైన లెక్చరర్ మేడం ఇల్లు అది. సీజర్ అనే అల్సేషన్‌కి ఇప్పుడు పదేళ్ళు. నేను వెళ్ళేసరికి ఆమె దాని పొట్ట కింద నుంచి ఒక తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని వెనక భాగం ఎత్తి, వాకిట్లో మెల్లగా నడిపిస్తున్నారు. ముసలితనం, వెనక కాళ్ళలో బలం తగ్గింది. "ఈ తువ్వాలు పద్ధతి ఆయన నేర్పిందే. ఫోన్లోనే నేర్పారు" అన్నారు. నాకు కాఫీ ఇచ్చేముందు సీజర్‌ని పరుపు మీద రెండో పక్కకి తిప్పి పడుకోబెట్టారు, ఒకే వైపు పడుకుంటే పుండు పడుతుందని.

ఈమెకి గార్డు గారు రెండుసార్లు కుక్కపిల్లని ఇవ్వనన్నారట. మొదటిసారి, ఇంట్లో పగలంతా ఎవరూ ఉండరని. రెండోసారి ఆయనే గుంటూరు వచ్చి ఇల్లు చూశారు. "రోహిణి కార్తెలో దీన్ని ఎక్కడ ఉంచుతారు?" అని అడిగారు. మేడ మీద షెడ్డు వేయిస్తామని ఈమె భర్త చెప్పాడు. రేకుల షెడ్డా అని అడిగి, మారు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. మన బెజవాడ, గుంటూరు ఎండలు తెలిసిన వాళ్ళెవరికీ ఆ కోపం అర్థం కాకుండా పోదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న దారి. రేకు కింద నలభై అయిదు డిగ్రీల్లో ఆ దారీ మూసుకుపోతుంది. ఈమె రిటైరయ్యాక మళ్ళీ అడిగితే మూడోసారి ఇచ్చారు, వేసవిలో హాల్లో ఫ్యాను కింద పడుకుంటుందని మాట తీసుకుని.

ఆయన కాదన్న వాళ్ళ జాబితా అమ్మిన వాళ్ళ జాబితా కన్నా పెద్దదే ఉంటుంది. 2003 ప్రాంతంలో ఒక సెల్‌ఫోన్ ప్రకటన వచ్చాక ఊరంతా పగ్‌ల కోసం ఎగబడింది. గార్డు గారిని కూడా ఆ వ్యాపారం మొదలెట్టమని ఎంతమంది అడిగారో. మూతి లోపలికి నొక్కేసినట్టుండే ఆ కుక్కలు మామూలుగానే ఊపిరికి కష్టపడతాయి, ఈ ఎండల్లో దాన్ని పెంచమని మీకు ఎలా చెప్పను అన్నారు. హస్కీలు అడిగినవాళ్ళకీ అదే జవాబు. ఆ డబ్బు వదులుకోవడం అత్తయ్య గారికి ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేయాల్సిన ఇల్లు అది.

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఈయన పుస్తకంలో 1978 నుంచీ ఒక్క పిల్ల కూడా అరవై రోజులకి ముందు గడప దాటలేదు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర కరుచుకుంటూ ఆడుకుంటేనే కదా పిల్లకి ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడికి నొప్పో తెలిసేది. ముప్పై రోజులకే విడదీసిన పిల్ల పెద్దయ్యాక ఎవరినో కరుస్తుంది, అప్పుడు జనం కుక్కని తిడతారు.

మధ్యాహ్నం లక్ష్మీపురంలో మిర్చి వ్యాపారి ఇంటికి వెళ్ళాను. ఈయన మొదట యార్డు దగ్గర గోడౌన్ కాపలాకి కుక్క కావాలని వచ్చాడట. మిర్చి యార్డు పక్కన నడిచినవాడికి ఆ ఘాటు తెలుసు, మనకే తుమ్ములు ఆగవు. "ముక్కుతో లోకాన్ని చూసే ప్రాణిని మిరపకాయల మధ్య కట్టేస్తావా?" అని గార్డు గారు పంపించేశారు. ఈయనకి చాలా అవమానంగా అనిపించిందట. మూడేళ్ళ తర్వాత, ఇంటికోసం, పిల్లల కోసం అడగడానికి మళ్ళీ వచ్చాడు. 2018లో రాజపాళయం జాతి ఆడ కుక్కపిల్లని ఇచ్చారు. తెల్లటిది, పేరు మల్లి.

మల్లి ఇప్పుడు లేదు. పోయిన నెలలో పోయింది. నేను పుస్తకం తెరిచేలోపే ఆయన చెప్పేశారు. "తప్పు నాదే అండీ. పొద్దున్నే సరుకు లారీ వచ్చిందని గేటు తీసి, వెయ్యడం మర్చిపోయాను. రోడ్డు మీదకి వెళ్ళింది. కారు." అంతే. డ్రైవర్ని తిట్టలేదు. పెద్దమనిషి, చేతి మీద ఎర్రగా మిర్చి పొడి. నా చేతిలోంచి పెన్ను తీసుకుని తనే రాశారు. ఎప్పుడు: తేదీ. ఎలా: గేటు వేయలేదు. ఎక్కడ: ఊళ్ళో పొలంలో, గట్టు మీద.

తిరుగు బండిలో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, మంగళగిరి ఎప్పుడు దాటిందో తెలీలేదు.

నాలుగో రోజు, శనివారం

గుడివాడ మీదుగా కైకలూరుకి రైలు. మండవల్లి దాటాక కిటికీకి రెండు వైపులా చేపల చెరువులే, చెరువుకి గాలి పట్టించే యంత్రాలు నీళ్ళు చిమ్ముతూ. ఆటపాక దగ్గర కాసేపు ఆగాను. జనవరి కదా, గూడబాతులు చెట్ల మీద, మంచెల మీద గూళ్ళలో ఉన్నాయి. వేలల్లో. ఆ మాటకొస్తే వాటి గురించే ఒక వ్యాసం రాయొచ్చు, కానీ నేను వచ్చింది జోనంగి కోసం.

జోనంగి మన కృష్ణా గోదావరి జిల్లాల కుక్క. పొట్టి వెంట్రుకలు, సన్నటి కండగల ఒళ్ళు, నుదుటి మీద ఏదో ఆలోచిస్తున్నట్టు ముడతలు. కొల్లేటి చుట్టూ బాతులు కాసేవాళ్ళు తరతరాలుగా పెంచుకున్నది. బాతులు తగ్గి చేపల చెరువులు వచ్చేసరికి దీని పని పోయింది. పని పోయిన జాతి తగ్గిపోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యమయింది, 2006లో సర్కారు చెరువు గట్లు కొట్టించింది. పక్షుల గురించీ చేపల గురించీ అప్పుడు చాలా వాదనలు జరిగాయి. కుక్క గురించి ఎవరు మాట్లాడతారు? గార్డు గారు మాట్లాడేవారు. రిటైరయ్యాక ఈ లంక గ్రామాలన్నీ సైకిలు మీద తిరిగి, కల్తీ లేని జోనంగి కుక్కల కోసం వెతికారు. దొరికిన జత నుంచి పుట్టిన పిల్లల్ని మళ్ళీ ఇక్కడి వాళ్ళకే ఇచ్చారు, డబ్బు తీసుకోకుండా.

ఆయన మూడో పుస్తకం అట్ట లోపలి వైపు 2005లో పోస్టల్ శాఖ వేసిన నాలుగు కుక్కల స్టాంపులు అంటించి ఉన్నాయి. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. వాటి పక్కన స్కేలు పెట్టి, పెన్సిల్‌తో అదే కొలతలో ఐదో గడి గీసి ఉంది. లోపల ఏమీ లేదు. కింద సన్నగా 'జోనంగి' అని రాసి ఉంది.

2019లో ఆయన ఇచ్చిన మగకుక్క ఇంకా బతికే ఉంది. ఊరి బయట కోత కోసిన పొలాల్లో బాతుల గుంపు, రాలిన గింజలు ఏరుకుంటోంది. కాసే కుర్రాడికి ఇరవై ఉంటాయేమో, వాళ్ళ తాత తీసుకున్న కుక్క అట. కుక్క ఎక్కడ అంటే గట్టు వైపు చూపించాడు. ఏమీ కనబడలేదు. దగ్గరికెళ్తే గట్టు వారన మట్టిలో తవ్విన ఒక గొయ్యి, సరిగ్గా దాని ఒంటికి సరిపడా, లోపల చల్లని తడి మట్టి మీద ముడుచుకుని పడుకుని ఉంది. మట్టి రంగు ఒళ్ళు. కళ్ళు మాత్రం బాతుల మీదే. నుదుటి ముడతల్లో ఎండిన బురద. నన్ను చూసి లేవలేదు.

పది నిమిషాల తర్వాత నాలుగు బాతులు కాలవ వైపు జారుకున్నాయి. కుర్రాడు నోరు మెదపలేదు. కుక్క గోతిలోంచి లేచి, ఒక్క విదిలింపుతో మన్ను దులుపుకుని, వాటి వెంట పడకుండా దూరంగా చుట్టు తిరిగి కాలవకీ వాటికీ మధ్యలోకి వెళ్ళి నిలబడింది. గొంతులోంచి ఒక శబ్దం. మొరుగుడు కాదు, ఎవరో దూరం నుంచి కూతేసినట్టు, పైకి లేచి విరిగిపోయే స్వరం. బాతులు తిరిగి గుంపులోకి నడిచాయి. కుక్క మళ్ళీ వచ్చి గోతిలో పడుకుంది.

దాని ఎదురుగా గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. పక్క ఊళ్ళో ఆడకుక్క ఉందనీ, కిందటి ఏడాది నాలుగు పిల్లలు పుట్టాయనీ, వాటిలో ఒకటి తన మావయ్య దగ్గర బాతుల పనే నేర్చుకుంటోందనీ కుర్రాడు చెప్పాడు. ఆ వివరాలన్నీ రాసుకున్నాను. చివరి గడి అలాగే ఖాళీగా ఉంచాను.

సాయంత్రం బెజవాడ చేరి, భవానీపురం వెళ్ళి నాలుగో ఇల్లు కూడా చూశాను. కుక్క బాగుంది, బాగా లావెక్కింది. తిండి తగ్గించమని చెప్పి వచ్చాను.

ఐదో రోజు, ఆదివారం

తెల్లవారుజామున నాలుగింటికే లేచాను. శాతవాహన ఆరు దాటాక. అత్తయ్య గారు అప్పటికే లేచి పొయ్యి మీద పాలు పెట్టారు. చుక్క ఖాళీ మంచం కిందే పడుకుని ఉంది. ఏడాదిగా అక్కడే పడుకుంటోందట, వేరే చోట పరుపు వేసినా రాదు.

పుస్తకం తెరిచి రాకీ ఉన్న పేజీ తీశాను. 2014 ఈత, ఎనిమిది పిల్లలు. ఎర్ర దారం చుక్క. ఆకుపచ్చ దారం రాకీ. ఒకే తల్లి పొట్ట కింద పక్క పక్కనే పాలు తాగిన వాళ్ళు. నా సంచిలో ఉన్నది రాకీ మెడపట్టీ. మొదటి రోజు రాత్రి చుక్క వాసన చూసింది దాన్నే.

రాకీ 2024 నవంబర్‌లో పోయాడు. వానల తర్వాత ఒంటి నిండా పిడుదులు పట్టాయి. నేను ఆఫీసు టెన్షన్‌లో ఉండి వారం వారం వాయిదా వేశాను. తిండి మానేశాడు, ఎండకేమో అనుకున్నాను. చిగుళ్ళు తెల్లబడ్డాక తీసుకెళ్ళాను. పిడుదుల జ్వరం, రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. మూడో రోజు పోయాడు. ఆ వారంలోనే కార్తీక పౌర్ణమికి గార్డు గారికి ఫోన్ చేశాను. మాట సరిగ్గా రావడం లేదు, దగ్గు. అయినా మొదటి మాట "రాకీ ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడండీ" అన్నాను.

ఆయనకి ఆ స్థితిలో చెప్పడం ఎందుకని అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎలా పోయాడు అని అడుగుతారని భయపడ్డాను.

పెన్ను తీసుకుని ఎప్పుడు అన్న చోట తేదీ వేశాను. ఎలా అన్న చోట 'పిడుదుల జ్వరం. ఆలస్యంగా తీసుకెళ్ళాను' అని రాశాను. అక్షరాలు 1989 నాటి అక్షరాల్లాగే వంకరగా వచ్చాయి. పుస్తకం అత్తయ్య గారి ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గడి వెంట మెల్లగా చదివారు. ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు. చుక్క మంచం కింద నుంచి లేచి వచ్చి మెడపట్టీ మీద మూతి ఆనించి పడుకుంది.

"ఎక్కడ పెట్టారు నాయనా?"

"ఘట్‌కేసర్ దగ్గర మా స్నేహితుడి స్థలంలో. సపోటా చెట్టు కింద."

"అది రాయలేదు" అని పెన్ను మళ్ళీ నా చేతికిచ్చి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళారు.